వెర్రి తెగులు: మొక్కకు, పురుగునకు, సూక్ష్మజీవికి గల సంబంధము

గత సంవత్సరము మా పాఠశాల తోటలో మేము ముప్పది వంగమొక్కలు నాటితిమి. నారు పోసినది మొదలు పాదులు చేయుట, నీరు పెట్టుట, కలుపు తీయుట మొదలగు పనులన్నియు తరగతుల వారీగా పంచుకొంటిమి. రెండు నెలలు గడచునప్పటికి ఆ మొక్కలలో ఒకటి తక్కినవాటిని మించి గుబురుగా పెరిగెను. దాని కణుపు కణుపునను క్రొత్త రెమ్మలు పుట్టుకొని వచ్చెను. అరచేతి వెడల్పున ఉండవలసిన ఆకులు మాత్రము గోటి పరిమాణమునకు దిగి, లేతపసుపు కలసిన పచ్చదనముతో కాండమునకు అంటుకొనియుండెను. దానిని చూచి మేము మురిసిపోయితిమి. తక్కిన మొక్కలకంటె దానికి ఒక చెంబెడు నీరు ఎక్కువగా పోసితిమి.

కాని అది కాయలేదు. మరి రెండు నెలలకు దాని ప్రక్కనున్న ఐదు మొక్కలును అట్లే గుబురెక్కి, పూత మాని నిలిచిపోయినవి. అట్టి సమయమున మా తరగతి విద్యార్థి యొకని తాతగారు ఏదో పనిమీద పాఠశాలకు వచ్చి, తోటను చూచి నవ్విరి.

"ఏమిరా అబ్బాయిలూ, వెర్రి మొక్కకు నీళ్లు పోసి పెంచుతా ఉండారే! అది కాయదు, పక్కవాటిని కాయనీదు."

"అయితే పెరికివేయవలెనా తాతా?" అని మేము అడిగితిమి.

"పెరకాల్సిందే. కానీ పచ్చగా ఉండేదాన్ని పెరికేదానికి చెయ్యి రాదు కదా. నా నువ్వుచేన్లో నేనూ పెరకలేదు. ఆ యేడు సగం చేను పోయింది."

ఆ వృద్ధుడు నవ్వుచునే ఈ మాట చెప్పెను గాని, సగము చేను పోవుట నవ్వులాట కాదని మాలో సేద్యము చేయు ఇండ్లనుండి వచ్చిన వారందరికిని తెలియును. పచ్చని మొక్కను పెరికివేయుమనుటకు తగిన కారణము కనుగొనవలెనని అయ్యవారిని అడిగితిమి, పుస్తకములు చదివితిమి. మేము తెలిసికొన్న దానిని తోటి విద్యార్థులకొరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

వెర్రి అను పేరు

మనము నువ్వులు అను పంటను మా ఇరుగుపొరుగు తమిళులు ఎళ్ అనియు, కన్నడిగులు ఎళ్ళు అనియు అందురు. ఏ పేరుతో పిలిచినను, ఆ చేనికి వచ్చు ఈ తెగులు ఒక్కటే. తెలుగు రైతు దీనికి వెర్రి తెగులు అని పేరు పెట్టెను. ఇది మిక్కిలి తగిన పేరు. తెగులు తగిలిన మొక్క వాడదు, మాడదు, కుళ్లదు. అది తన పని తాను మరచిపోవును. నువ్వుపువ్వులో తెల్లని రేకులుండవలసిన చోట పచ్చని ఆకులు మొలచును. కేసరములును ఆకులగును. గింజ పట్టవలసిన అండాశయము కూడ ఆకువలె విచ్చుకొనును. పూవు పూవుగా నుండక చిన్న ఆకుల గుత్తిగా మారును. ఆ గుత్తినుండి మరల రెమ్మలు పుట్టును. ఇట్టి మొక్కలో గింజ యుండదు.

పూవులోని భాగములన్నియు ఆకుల రూపాంతరములే యని జర్మను కవి గేటే 1790లో ఒక గ్రంథమున వ్రాసెను. కవి చెప్పిన ఆ మాటను నేటి జన్యుశాస్త్రము చాలవరకు బలపరచినది. ఏ యే భాగము రేకు కావలెనో, ఏది కేసరము కావలెనో నిర్ణయించు కొన్ని ప్రోటీనులు మొక్కలో ఉన్నవి. అవి పనిచేయకున్నచో ఆ భాగములు తిరిగి ఆకులగును. వెర్రి తెగులులో జరుగునది సరిగా ఇదియే. అయితే ఆ ప్రోటీనులను పనిచేయనీయకుండ ఆపుచున్నది ఎవరు?

వైరసు కాదు, బాక్టీరియా

1939లో కోయంబత్తూరు పరిశోధకులైన థామస్, కృష్ణస్వామి గార్లు వంగలో వచ్చు ఈ తెగులును వర్ణించిరి. తెగులు మొక్క కొమ్మను మంచి మొక్కకు అంటుకట్టినచో తెగులు సోకుననియు, ఒక జాతి దీపపు పురుగు కూడ దీనిని మోసికొనిపోవుననియు వారు చూపిరి. అమెరికాలో ఆస్టరు పూలమొక్కలకు వచ్చు ఇటువంటి తెగులు దీపపు పురుగు వలన వ్యాపించునని కుంకెల్ అను శాస్త్రజ్ఞుడు 1926 నాటికే కనుగొనియుండెను. కాని సూక్ష్మదర్శినిలో ఎంత వెదకినను తెగులు క్రిమి కనబడలేదు. దానిని పెంచుటకు చేసిన ప్రయత్నములును ఫలింపలేదు. కనబడనిది, పెరగనిది గనుక అది వైరసే యని అందరును తలచిరి.

ఆ అభిప్రాయము 1967లో మారెను. జపానులో డోయి, ఆయన సహచరులు పట్టుపురుగుల మేతయైన మల్బరీకి వచ్చు మరుగుజ్జు తెగులును ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. వారికి వైరసులకు మారుగా, పలుచని పొర మాత్రమే గల గుండ్రని చిన్న కణములు కానవచ్చెను. అదే సంవత్సరమున ఆ మొక్కలకు టెట్రాసైక్లిన్ మందు పట్టించి చూడగా తెగులు లక్షణములు తగ్గెను. వైరసునకు టెట్రాసైక్లిన్ పనిచేయదు. కనుక ఇవి బాక్టీరియా జాతికి చెందినవని తేలెను. అయితే సాధారణ బాక్టీరియాలకుండు గట్టి గోడ వీటికి లేదు. పెన్సిలిన్ మందు బాక్టీరియా గోడ కట్టుకొనకుండ అడ్డుపడి చంపును. గోడయే లేని వీటిని అది ఏమియు చేయజాలదు. 1994 నుండి వీటిని ఫైటోప్లాస్మా అని పిలుచుచున్నారు.

ఫైటోప్లాస్మా మిక్కిలి పేదది. మన ప్రేగులలో నివసించు ఇ. కోలై అను బాక్టీరియా జన్యులిపిలో సుమారు 46 లక్షల అక్షరములున్నవి. ఉల్లి పసుపు తెగులు కలిగించు ఫైటోప్లాస్మా జన్యులిపిని 2004లో జపాను శాస్త్రజ్ఞులు చదివి చూడగా అందు సుమారు 8 లక్షల 60 వేల అక్షరములే యుండెను. కణమునకు శక్తినిచ్చు పదార్థమును తయారుచేయు ముఖ్యమైన జన్యువులు కూడ దానిలో లేవు. పొయ్యి లేని ఇంటివారు పొరుగింటి నిప్పు తెచ్చుకొనునట్లు, అది తనకు కావలసిన దానినంతయు తానున్న జీవకణమునుండియే గ్రహింపవలెను. ఆ కారణముచేతనే అది ఒంటరిగా బ్రతుకజాలదు.

పురుగు కడుపులో ప్రయాణము

మొక్కలో ఫైటోప్లాస్మా నివసించునది చాలనీ నాళములలో. ఆకులలో తయారైన చక్కెర మొక్క యంతటికిని ప్రవహించు దారులే ఈ నాళములు. ఇవి కాండము లోపల నుండును. ఫైటోప్లాస్మాకు బయటకు వచ్చు మార్గము లేదు. అది గాలికి ఎగురదు, నీటిలో ఈదదు, ఎండకు ఓర్వదు. ఒక మొక్కనుండి మరియొక మొక్కకు పోవలెనన్న చాలనీ నాళమును సూదివలె గ్రుచ్చి రసము పీల్చు ప్రాణి ఒకటి దానికి కావలెను. ఆ ప్రాణియే దీపపు పురుగు.

దీపపు పురుగును చూడని వారుండరు. మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవున గింజవలె సన్నగా నుండి, ఆకు కదలినంతనే ప్రక్కకు గెంతి ఎగిరిపోవును. రాత్రులందు దీపపు వెలుగునకు చేరును. ఇందు జాతులు పెక్కులు. నువ్వుచేనికి తెగులు తెచ్చునది ఒరోసియస్ ఆల్బిసింక్టస్ అను జాతి. వంగతోటకు తెచ్చునది హిషిమోనస్ ఫైసిటిస్ అను జాతి.

తెగులు మొక్కపై వ్రాలిన పురుగు రసముతోపాటు ఫైటోప్లాస్మాను కూడ పీల్చుకొనును. ఆ పురుగు వెంటనే మంచి మొక్కపై వ్రాలినను తెగులు సోకదు. ఫైటోప్లాస్మా మొదట పురుగు ప్రేగుగోడను దాటి లోనికి పోవలెను. పిదప రక్తములో ప్రవేశించి, అచ్చట వృద్ధిపొంది, తుదకు లాలాజల గ్రంథులను చేరవలెను. ఇందులకు సాధారణముగా రెండు మూడు వారములు పట్టును. అప్పటినుండి ఆ పురుగు మొక్కను గ్రుచ్చినప్పుడెల్ల దాని లాలాజలముతోపాటు తెగులు మొక్కలో ప్రవేశించును. ఆ పురుగు చచ్చువరకు ఈ శక్తి దానికుండును.

కనుక దీపపు పురుగును ఉత్తరములు మోయు తపాలా బంట్రోతుతో పోల్చరాదు. బంట్రోతు సంచిలో ఉత్తరములు పెరుగవు. పురుగు ఒంటిలో తెగులు పెరుగును. పురుగు కూడ దానికి ఒక చేనే. కుంకెల్ 1937లో ప్రకటించిన ప్రయోగములు ఈ సంగతిని సూచించినవి. తెగులు మోయు పురుగులను సుమారు 32 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో పండ్రెండు దినములు ఉంచగా, పురుగులు బ్రతికియుండెను గాని తెగులు అంటించు శక్తిని కోల్పోయెను.

అయితే ఏ పురుగు పడితే ఆ పురుగు ఏ తెగులు పడితే ఆ తెగులు మోయజాలదు. 2006లో జపాను శాస్త్రజ్ఞులు దీనికి ఒక కారణము చూపిరి. ఉల్లి పసుపు తెగులు ఫైటోప్లాస్మా పైపొరలో ఒక ప్రోటీను ఎక్కువగా నున్నది. తెగులు మోయగల దీపపు పురుగుల ప్రేగు కండరములలోని సన్నని పోగులకు అది అంటుకొనును. మోయలేని పురుగుల పోగులకు అంటుకొనదు. తాళమునకు తగిన చెవి యున్ననే తలుపు తెరచుకొనును గదా!

ఇచ్చి పుచ్చుకొనుట

తనను మోయుచున్నందులకు ఫైటోప్లాస్మా పురుగునకు ఏమైన ప్రతిఫలమిచ్చునా? ఈ ప్రశ్నకు దొరకిన సమాధానములు ఆశ్చర్యకరముగా నున్నవి.

1958లో అమెరికాలో మారమొరోష్ అను శాస్త్రజ్ఞుడు ఒక వింతను ప్రకటించెను. మొక్కజొన్నపై బ్రతుకు ఒక జాతి దీపపు పురుగు ఆస్టరు మొక్కపై బ్రతుకజాలదు. కాని ఆ ఆస్టరు మొక్కకు పసుపు తెగులు సోకియున్నచో అదే పురుగు దానిపై బ్రతికెను. అనగా తెగులు ఆ మొక్కను పురుగునకు అనుకూలమైన ఆహారముగా మార్చినది. ఈ మార్పు ఎట్లు జరుగునో తెలియుటకు మరి యేబది సంవత్సరములు పట్టెను.

ఇంగ్లండులోని నార్విచ్ నగరమున జాన్ ఇన్నెస్ కేంద్రములో సాస్కియా హోగెన్‌హౌట్, ఆమె సహచరులు ఆస్టరు పసుపు తెగులు ఫైటోప్లాస్మాను పరిశోధించిరి. ఫైటోప్లాస్మా చాలనీ నాళములలోనే యుండి, కొన్ని ప్రోటీనులను మొక్క కణములలోనికి వదలుచున్నదని వారు కనుగొనిరి. సాప్ 11 అను ప్రోటీను పనిని వారు 2011లో వివరించిరి. పురుగు కరచినప్పుడు మొక్క తన రక్షణకై జాస్మోనిక్ ఆమ్లమను పదార్థమును తయారుచేసికొనును. సాప్ 11 ఆ తయారీని తగ్గించును. రక్షణ తగ్గిన మొక్కపై దీపపు పురుగులకు సంతానము పెరిగెను. కొమ్మలు గుబురుగా పుట్టుటకును ఈ ప్రోటీనే కారణము. మా వంగమొక్క గుబురును చూచి మేము మురిసినప్పుడు, మేము చూచినది మొక్క బలమును కాదు. పురుగుకొరకు సిద్ధమైన విడిదిని.

పూవును ఆకుగా మార్చునది సాప్ 54 అను మరియొక ప్రోటీను. మొక్క ప్రతి కణములోను పనితీరిన ప్రోటీనులను ముక్కలు చేయు యంత్రమొకటి కలదు. పూవు భాగములను నిర్ణయించు ప్రోటీనులు ఇంకను పనిలో నుండగనే సాప్ 54 వాటిని ఆ యంత్రమునకు అప్పగించును. వాటిని యంత్రముకడకు చేర్చుటకు మొక్కలోని సొంత ప్రోటీనునే అది సాధనముగా వాడుకొనును. ఈ సంగతి 2014లో ప్రకటితమైనది. సాప్ 54 ఉన్న మొక్కలను తల్లి పురుగులు గ్రుడ్లు పెట్టుటకు ఎక్కువగా ఎన్నుకొన్నవని కూడ అందు తెలిపిరి. అయితే ఆకులైన పూవులే పురుగులను పిలుచుచున్నవని తొందరపడి అనుకొనరాదు. ఇంకను పూయని మొక్కలలో సాప్ 54 ఉన్నను పురుగులు వాటినే కోరుకొన్నట్లు 2016లో తేలినది. అనగా పూవు మారుట వేరు, పురుగును ఆకర్షించుట వేరు; రెండింటికిని మూలమైన ప్రోటీను ఒక్కటే.

2021లో తెలిసిన విషయము వీటన్నింటికంటెను వింతయైనది. సాప్ 05 అను ప్రోటీను కూడ మొక్క ప్రోటీనులను ఆ ముక్కలు చేయు యంత్రమునకు అప్పగించును. అప్పుడు మొక్క ముసలిదగుట ఆలస్యమగును, రెమ్మలు ఎక్కువగును. అట్టి యంత్రము పురుగు కణములలోను ఉన్నది. మరి సాప్ 05 పురుగు యంత్రమును ఏల పట్టుకొనదు? మొక్క యంత్రమునందలి ఒక భాగమునకును, పురుగు యంత్రమునందలి అదే భాగమునకును కొద్దిపాటి భేదము కలదు. ఆ భేదముచే పురుగు తప్పించుకొనుచున్నది. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలోని అరబిడాప్సిస్ అను ఆవజాతి మొక్కలో ఆ భాగమునందు రెండు అమైనో ఆమ్లములను మాత్రము పురుగులో ఉన్నట్లుగా మార్చిరి. అంతటితో సాప్ 05 ఆ మొక్కను ఏమియు చేయలేకపోయెను. మొక్కను మార్చివేయు ఆయుధము మోసికొనిపోవు పురుగును తాకని విధముగా అమరియున్నదన్న మాట.

ఈ స్నేహమునకు హద్దులు గలవు

ఇంతమాత్రముచే ఫైటోప్లాస్మాకు పురుగుపై ప్రేమ కలదని తలపరాదు. ఐరోపాలో ద్రాక్షతోటలను పాడుచేయు ఒక పసుపు తెగులును ఉత్తర అమెరికానుండి వచ్చి చేరిన ఒక దీపపు పురుగు మోయుచున్నది. ఆ ఫైటోప్లాస్మా ఒంటిలో ప్రవేశించిన పురుగులు తక్కువ కాలము బ్రతికినవనియు, తక్కువ గ్రుడ్లు పెట్టినవనియు 2005లో కనుగొనిరి. ఆస్టరు పసుపు తెగులు విషయములో కొన్ని ప్రయోగములందు ఇందుకు విరుద్ధముగా పురుగులు ఎక్కువ కాలము బ్రతికినవి. కనుక ప్రతి జంటయొక్క లెక్కయు వేరుగా చూడవలసినదే. ప్రకృతిలో సూక్ష్మజీవి ధర్మము నెరిగి నడచుకొనదు, కృతజ్ఞతయు చూపదు. తన వంశము నిలుచుటకు ఉపయోగపడిన మార్గము మాత్రము తరతరములుగా నిలిచిపోవును. ఈ లెక్కలో తప్పక నష్టపోవునది మొక్క. మొక్కతోపాటు నష్టపోవువాడు రైతు.

మనము చేయవలసినది

పైని చెప్పిన సంగతులు తెలిసినచో, తాతగారు చెప్పిన మాటకు కారణము సులభముగా బోధపడును. వెర్రి మొక్క చావదు. పచ్చగా చాలకాలము నిలిచియుండును. నిలిచియున్నన్ని నాళ్లును దానిపై వ్రాలిన పురుగులకు తెగులు అంటుచునే యుండును. ఎండిపోవు మొక్క ఒకవిధముగ చేనికి మేలు చేయును. అది తనతో తెగులును అంతము చేయును. వెర్రి మొక్క యొక్క పచ్చదనమే చేనికి అపాయము.

టెట్రాసైక్లిన్ మందు తెగులును అణచినను, మందు మానినంతనే తెగులు తిరిగి వచ్చును. పొలములో వాడుటకు అది తగినది కాదు. కావున తెగులు మొక్కను కనబడగనే వేరుతో పెరికి తగులబెట్టుట, లేదా లోతుగా పాతిపెట్టుట మేలు. పెరకునప్పుడు మొక్కను విదలించినచో పురుగులు లేచి ప్రక్క మొక్కలపై వ్రాలును. గనుక మొదట గోనెసంచి కప్పి పిదప పెరకుట మంచిది. ఉమ్మెత్త, బిళ్ళగన్నేరు వంటి మొక్కలలోను వంగ తెగులు దాగియుండగలదు. అవి గట్లపై గుబురెక్కి కనబడినచో వాటిని గూడ తీసివేయవలెను. కాపు ముగిసిన వంగతోటను నరికి మరల చిగురింప విడిచినచో పాత తెగులు క్రొత్త చిగుళ్లలోనికి వచ్చును. క్రొత్త నారును పాత తోట ప్రక్కన పోయరాదు.

మరియొక సంగతి. ఒక రైతు తన చేను శుభ్రము చేసికొని, పొరుగు రైతు వెర్రి మొక్కలను అట్లే ఉంచినచో ఫలము కొద్ది. దీపపు పురుగు గట్టు దాటును. అది భాష అడుగదు, ఎల్ల ఎరుగదు. మా ప్రాంతమున ఒక గట్టునకు ఈవల తెలుగు వినబడును, ఆవల కన్నడమో తమిళమో వినబడును. కనుక ఈ సంగతిని మన భాషలో మనము తెలిసికొనుటతో పని ముగియలేదు. గట్టు ఆవలి వారికి వారి మాటలో చెప్పుటయు మన పనియే. మూడు భాషలు వినుచు పెరిగిన మనకు అది కష్టము కాదు.

మేము మా ఆరు వంగమొక్కలను పెరికివేసితిమి. మొదటి దానికి నీరు ఎక్కువ పోసినవారే దానిని పెరుకవలెనని అయ్యవారు చెప్పిరి. తాతగారు చెప్పినట్లు దానిని పట్టుకొన్నప్పుడు మాకును చేయి రాలేదు. అంత పచ్చగా నుండెను. అయినను సంచి కప్పి, వేరుతో లాగి, తోట మూలను తగులబెట్టితిమి. మిగిలిన ఇరువది నాలుగు మొక్కలలో మరి రెండింటికి తెగులు కనబడెను. వాటిని ఆ దినమే తీసివేసితిమి. తక్కిన ఇరువది రెండును కాసినవి. మొదటి కోత కాయలను ఆ తాతగారి యింటికి పంపితిమి. ఆయన ఈ యేడు నువ్వుచేనిలో గోనెసంచి చేతబట్టుకొని తిరుగుచున్నారని మనుమడు చెప్పెను.